పుండు మానింది, మంట ఆరలేదు

నా ఒంటి మీద ఒకే రోజు, ఒకే మూకుడులోంచి పడిన రెండు మచ్చలున్నాయి. ఒకటి కుడి ముంజేతి మీద. రెండోది మెడకు కొంచెం కింద, ఛాతీ ఎముక నడుమ. అప్పుడు నాకు పదహారేళ్లు. సంక్రాంతి ముందు పరకాల దగ్గర మా ఊళ్లో అమ్మ, పెద్దమ్మ కూర్చుని సకినాలు చుడుతున్నారు. నేను పొయ్యి దగ్గర జల్లిగంటె పట్టుకుని గోలిస్తున్నాను. బట్ట మీద సరిగా ఆరని సకినం ఒకటి నూనెలో వేయగానే చిట్లి పేలింది. చేతి మీద పడ్డది పెద్ద బొట్టు, రూపాయి బిళ్లంత. నీటిబుగ్గ లేచి, పగిలి, మూడు వారాలు ఏడిపించింది. ఛాతీ మీద పడ్డది చిన్న చుక్క, కందిగింజంత. కొన్నాళ్లకు పక్కు కట్టి రాలిపోయింది. ఇంట్లో అందరం చేతి గురించే భయపడ్డాం.

ఇప్పుడు చేతి మీది మచ్చ ఎక్కడుందో వెతుక్కోవాలి. కొంచెం తెల్లగా, చర్మంతో సమంగా ఉంటుంది, నిమిరినా తెలియదు. ఛాతీ మీది చుక్క మాత్రం రెండు నెలలకు ఎర్రగా లేచింది. దురద మొదలైంది. ఎండాకాలం చెమట పడితే రాత్రి నిద్ర ఉండేది కాదు. ఏడాదికి చింతగింజంత అయింది. డిగ్రీకి వచ్చేసరికి రెండు పక్కలా కొమ్ములు సాగి, అసలు నూనె పడని చర్మం మీదికి కూడా పాకింది. నున్నగా, గట్టిగా, మెరుస్తూ ఉండేది. చున్నీ కిందికి జారకుండా ఎప్పుడూ పిన్ను పెట్టుకునేదాన్ని. బస్సులో పక్కన కూర్చున్న ఆవిడ "అదేంది బిడ్డా, గడ్డనా?" అని అడిగితే తల తిప్పుకుని కిటికీలోంచి చూసేదాన్ని.

దాన్ని కెలాయిడ్ అంటారని నాకు తెలిసింది కాకతీయ యూనివర్సిటీలో బీఫార్మసీ చదివేటప్పుడు. 19వ శతాబ్దం మొదట్లో అలిబేర్ అనే ఫ్రెంచ్ వైద్యుడు పెట్టిన పేరు. ఎండ్రకాయ డెక్కకు గ్రీకు భాషలో ఉన్న మాట నుంచి తీసుకున్నాడు. పుస్తకంలో ఆ ముక్క చదవగానే చెయ్యి దానంతట అదే ఛాతీ మీదికి వెళ్లింది. అచ్చం అలాగే ఉండేది. మచ్చ దెబ్బ తగిలిన హద్దులోనే ఉబ్బి ఆగితే దాన్ని హైపర్‌ట్రోఫిక్ మచ్చ అంటారు, కొంతకాలానికి అది కొంత అణగవచ్చు. హద్దు దాటి పక్క చర్మాన్ని ఆక్రమిస్తే కెలాయిడ్. అది తనంతట తాను అణగడం చాలా అరుదు.

ఇప్పుడు నాకు హనుమకొండలో మెడికల్ షాపు ఉంది. వారంలో ఇద్దరో ముగ్గురో మచ్చ చూపించడానికి వస్తారు. చెవి తమ్మె రెండోసారి కుట్టించుకుని రేగుపండంత గడ్డ తెచ్చుకున్న పిల్లలు, సిజేరియన్ కుట్ల మీద జెర్రి పాకినట్టు గీత లేచిన తల్లులు, గడ్డం కింద షేవింగ్ పొక్కులు గట్టిపడ్డ ఆటో అన్నలు. వాళ్లు చెప్పే మాటలు రెండే రకాలు. ఒకటి, "నూనె, చేప, గుడ్డు అన్నీ బంద్ చేసినం మేడం, అయినా పెరుగుతనే ఉంది." రెండోది, ఫోన్‌లో వీడియో చూపిస్తూ, "ఈ ఫిష్ ఆయిల్ గోలీలు మింగితే మచ్చ కరిగిపోతదట, ఉన్నయా?" ఒకరు కొవ్వునే శత్రువు చేశారు, ఇంకొకరు కొవ్వునే దేవుణ్ని చేశారు. రెండు మాటలూ నన్ను బాధపెడతాయి. ఎందుకంటే మొదటిది నా మీద మా ఇంట్లోనే జరిగింది, రెండోది నా చేతుల మీదుగా అమ్ముడవుతోంది. అందుకే ఇది కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

సకినాల నూనె పడిన రోజు నుంచి నలభై రోజులు నాకు పథ్యం. తాలింపు లేని చారు, మెత్తటి అన్నం, బీరకాయ, సొరకాయ. పల్లీలు లేవు, నువ్వులు లేవు, పప్పు లేదు, గుడ్డు లేదు. చేప మాట ఎత్తితే నాయనమ్మ కసిరేది. "నీసు తింటే చీము పడతది." ఆ ఏడు పండుగకు చేసిన సకినాలు నాకు ఒక్కటి కూడా పెట్టలేదు. వాళ్లది ప్రేమే, అందులో నాకు ఎప్పుడూ అనుమానం లేదు. కానీ ఆ నలభై రోజులు నా ఒళ్లు కొత్త చర్మం నేసుకోవలసిన రోజులు. మగ్గం మీద బట్ట నేసేవాడికి నూలు ఇవ్వకుండా కూర్చోబెట్టినట్టు అయింది.

కొవ్వు ఆమ్లాలు, అంటే ఫ్యాటీ యాసిడ్లు, కేవలం కాల్చుకునే ఇంధనం కాదు. మన ఒంట్లో ప్రతి కణం చుట్టూ ఉండే పలుచని పొర చాలా వరకు వాటితోనే తయారవుతుంది. అందులో రెండింటిని ఒళ్లు సొంతంగా చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. ఒకటి లినోలిక్ ఆమ్లం, దాన్ని ఒమేగా-6 అంటారు. రెండోది ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం, అది ఒమేగా-3. ఈ సంగతి ముందుగా బయటపడింది చర్మం వల్లే. 1929లో అమెరికాలో జార్జ్ బర్, మిల్‌డ్రెడ్ బర్ దంపతులు ఎలుకలకు కొవ్వు బొత్తిగా లేని తిండి పెట్టి చూశారు. వాటి చర్మం పొట్టు లేచింది, తోకలు పొలుసు కట్టాయి. అప్పటిదాకా కొవ్వు అంటే బలానికి, కొన్ని విటమిన్లను మోయడానికి తప్ప ఇంకెందుకూ కాదనుకునేవాళ్లు. తరువాత 1970 ప్రాంతంలో, నోటితో తినలేని రోగులకు కొవ్వు లేని ద్రవాలు నరం ద్వారా నెలల తరబడి ఎక్కించినప్పుడు మనుషుల్లోనూ అదే కనబడింది. చర్మం పొలుసులుగా రాలింది, గాయాలు సరిగా మానలేదు. అలాంటి రోగుల ఒంటికి పొద్దుతిరుగుడు నూనె రాస్తే లోటు కొంత తీరిందని 1974లో రాశారు. అంటే చర్మం నూనెను లోపలికి తీసుకుంటుంది. పసిపిల్లలకు నూనె రాసి కాళ్లమీద పడుకోబెట్టుకునే మన ముసలమ్మలు ఉత్తి చాదస్తులు కారు.

నలభై రోజుల చారు అన్నానికి అంత లోటు రాదు, నిజమే. ఒంట్లో నిలవ కొవ్వు ఉంటుంది. కానీ కాలిన ఒంటికి మామూలు కంటే ఎక్కువ కావాలి, ముఖ్యంగా మాంసకృత్తులు. మేం ఉన్నది కూడా తీసేశాం.

ఇక దెబ్బ తగిలిన చోట ఏం జరుగుతుందో చెప్పాలి. పొయ్యి దగ్గరే నాకు ఇది బాగా అర్థమైంది కాబట్టి పొయ్యి మాటల్లోనే చెప్తాను. కణం చిట్లగానే ఫాస్ఫోలైపేజ్ ఎ2 అనే ఎంజైమ్ ఆ పొరలోంచి అరాకిడోనిక్ ఆమ్లాన్ని తెంపుతుంది. ఇది ఒమేగా-6 కుటుంబంలోది, లినోలిక్ ఆమ్లం నుంచి ఒళ్లు తయారు చేసుకుంటుంది, మాంసం, గుడ్డులో నేరుగానూ దొరుకుతుంది. దాని నుంచి ప్రోస్టాగ్లాండిన్లు, ల్యూకోట్రైన్లు పుడతాయి. దెబ్బ ఎర్రబడటం, వాయడం, సలపడం చాలా వరకు వీటి పనే. దీన్నే నేను మంట అంటున్నాను. ఈ దారిని విప్పి చూపినందుకు బెర్గ్‌స్ట్రోమ్, సామ్యూల్సన్, వేన్ అనే ముగ్గురికి 1982లో నోబెల్ వచ్చింది. ఈ మంట చెడ్డది కాదు. నిప్పు అంటుకోకపోతే అన్నం ఉడకదు. సూక్ష్మక్రిములను చంపే కణాలు అక్కడికి రావాలంటే ఈ కబురే అందాలి.

చాలాకాలం వైద్యులు అనుకున్నదేమిటంటే, కట్టెలు అయిపోతే నిప్పు ఆరినట్టు ఈ మంట కూడా దానంతట అదే ఆరిపోతుందని. 2000 తరువాత హార్వర్డ్‌లో చార్లెస్ సెర్హాన్ బృందం చూపించింది వేరు. మంటను ఆర్పడానికి ఒళ్లు ప్రత్యేకంగా కొన్ని పదార్థాలు తయారు చేస్తుంది. వాటిలో రిసాల్విన్లు అనేవి ఇపిఎ, డిహెచ్ఎ అనే ఒమేగా-3 కొవ్వు ఆమ్లాల నుంచి పుడతాయి. ఇవి చేపల్లో ఎక్కువగా ఉండే కొవ్వు ఆమ్లాలు. అంటే మంట రాజేసేదీ కొవ్వే, దాని మీద బూడిద కప్పేదీ కొవ్వే. రెండూ ఒకే కణపొరలో పక్కపక్కన కూర్చుని ఉంటాయి. ఏది ఎంత ఉందనేది మనం నెలల తరబడి ఏం తిన్నామనే దాని మీద కొంత ఆధారపడి ఉంటుంది.

కెలాయిడ్‌లో జరిగేది ఈ ఆరడం దగ్గర తేడా రావడం. పుండు పైకి మూసుకుంటుంది, లోపల మంట సన్నగా కాలుతూనే ఉంటుంది. కొల్లాజెన్ అనే దారం నేసే కణాలను ఫైబ్రోబ్లాస్ట్‌లు అంటారు. మామూలుగా గాయం పూడగానే వాటికి "ఇక చాలు" అనే కబురు అందుతుంది, కొన్ని చచ్చిపోతాయి, మిగతావి సద్దుమణుగుతాయి. కెలాయిడ్‌లో ఆ కబురు అందదు. నేస్తూనే ఉంటాయి. నా మచ్చ దురద పెట్టిందంటే, నిమిరితే వెచ్చగా తగిలిందంటే అందుకే. అది చచ్చిన మచ్చ కాదు, ఇంకా పని చేస్తున్న పుండు. నాకు ఈ ఒక్క మాట పదహారేళ్లప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో.

మరి కొవ్వు ఆమ్లాల తూకం చెడితేనే కెలాయిడ్ వస్తుందా? ఈ ప్రశ్నను గట్టిగా పట్టుకున్నది దక్షిణాఫ్రికా పరిశోధకులు. నల్లజాతి ప్రజల్లో కెలాయిడ్లు చాలా ఎక్కువ. 1990ల చివర, 2000 ప్రాంతంలో వాళ్లు కెలాయిడ్ ముక్కల్లో, మామూలు చర్మంలో కొవ్వు ఆమ్లాలను కొలిచారు. పల్లెల్లో కెలాయిడ్ ఉన్నవాళ్ల తిండిని, రక్తాన్ని లెక్క చూశారు. తప్పనిసరి, అంటే తిండిలోంచే రావలసిన, కొవ్వు ఆమ్లాల తూకం చెడటానికి, మచ్చ ఉబ్బడానికి సంబంధం ఉందని వాదించారు. 2013లో హువాంగ్, ఒగావా అనే ఇద్దరు కెలాయిడ్‌లో కొవ్వుల పాత్ర మీద వచ్చిన పరిశోధనలన్నీ ఒక చోట చేర్చి సమీక్ష రాశారు. ఈ దారి విడవకుండా చూడవలసిందే అన్నది వాళ్ల మాట.

నేనూ అదే అంటాను, కానీ ఒక మెలిక ఉంది. ముక్క కోసి చూస్తే తూకం తేడాగా ఉంది సరే. ఆ తేడా వల్ల కెలాయిడ్ వచ్చిందా, కెలాయిడ్ వచ్చి మంట కాలుతున్నందువల్ల తూకం తేడా వచ్చిందా? విత్తు ముందా చెట్టు ముందా లాంటి చిక్కు ఇది. ఒక్క కొలతలతోనే ఇది తేలదు.

ఇక్కడ నా రెండు మచ్చలను సాక్ష్యానికి పిలుస్తాను. ఒకటే నూనె, ఒకటే రోజు, ఒకటే మనిషి. చేతికీ ఛాతీకీ పారేది ఒకటే రక్తం, అందులో కొవ్వు ఆమ్లాలూ అవే. పథ్యమూ ఒకటే. పైగా పెద్ద దెబ్బ చేతికి తగిలింది. అయినా చెయ్యి చదునుగా మానింది, ఛాతీ లేచింది. తిండే మొత్తం కథ అయితే ఇది జరగకూడదు. ఇందాక చెప్పిన ఒగావానే దీనికి ఒక జవాబు చెప్పాడు. ఆయన టోక్యోలో ప్లాస్టిక్ సర్జన్. చర్మం ఎక్కడ ఎప్పుడూ లాగినట్టు బిగువుగా ఉంటుందో అక్కడ కెలాయిడ్లు ఎక్కువని, ఆ లాగుడే ఫైబ్రోబ్లాస్ట్‌లను రెచ్చగొడుతుందని చూపిస్తూ వచ్చాడు. ఛాతీ నడుమ, భుజం, వీపు పైభాగం. ఊపిరి తీసిన ప్రతిసారీ, చెయ్యి చాచిన ప్రతిసారీ ఛాతీ చర్మం పక్కలకు లాగబడుతుంది. నా మచ్చ కొమ్ములు కూడా పైకీ కిందికీ కాదు, పక్కలకే సాగాయి.

చెవి తమ్మెకు అంత లాగుడు లేదుగా, అక్కడెందుకు వస్తుంది అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. దానికి ఒక్క జవాబు చాలదు. బరువు కమ్మలు, చీము పట్టిన కుట్టు, పదే పదే తిప్పడం అన్నీ ఉంటాయి. చర్మంలో జిడ్డు ఊరే గ్రంథులున్న చోటే కెలాయిడ్లు ఎక్కువని, గాయంలోకి దిగిన ఆ జిడ్డు మీద ఒళ్లు తిరగబడటమే కారణం కావచ్చని 1979లోనే కొందరు సర్జన్లు రాశారు. అరచేతిలో, అరికాలిలో జిడ్డు గ్రంథులు ఉండవు, అక్కడ కెలాయిడ్లు కూడా చాలా అరుదు. ఆ జిడ్డు కూడా చాలా వరకు కొవ్వు ఆమ్లాలతో తయారైనదే అన్నది మరిచిపోకూడదు. ఇక వంశం సంగతి. మా మేనత్తకు భుజం మీద టీకా వేసిన చోట ఇలాంటిదే ఉండేది. 2010లో జపాన్ వాళ్లు కెలాయిడ్‌తో ముడిపడిన జన్యు తేడాలు కొన్ని పట్టుకున్నారు. తిండి, లాగుడు, జన్యువులు, జిడ్డు, చీము, ఇన్ని చేతులు కలిస్తే ఒక మచ్చ లేస్తుంది.

అందుకే "ఒమేగా-6 చెడ్డది, ఒమేగా-3 మంచిది" అనే వీడియోల మాట నాకు మింగుడు పడదు. అరాకిడోనిక్ ఆమ్లం నుంచి పుట్టే ప్రోస్టాగ్లాండిన్ ఇ2 ఫైబ్రోబ్లాస్ట్‌లను నిజానికి అదుపులో పెడుతుంది, కొల్లాజెన్ మరీ ఎక్కువగా నేయనివ్వదు. మంట పెట్టేదాని కడుపునే ఆపేదీ పుట్టింది. ఇంకా మంచి ఉదాహరణ మన కొర్రమట్ట. తెలంగాణ రాష్ట్ర చేప అది. మలేషియాలో దాన్ని హారువాన్ అంటారు. అక్కడ ఆపరేషన్ అయినవాళ్లకు, బాలింతలకు గాయం తొందరగా మానాలని ప్రత్యేకంగా వండి పెడతారు. 1994లో అక్కడి శాస్త్రవేత్తలు దానిలో ఏముందో పరీక్షించారు. వాళ్లకు దొరికింది అందరూ తిట్టే అరాకిడోనిక్ ఆమ్లమే, అదీ బాగా ఎక్కువగా. దానితోపాటు డిహెచ్ఎ, గాయానికి కావలసిన అమైనో ఆమ్లాలు. గాయం మానడం మొదలవ్వాలంటే రాజేసేదీ కావాలి మరి. ఒకటే చేప. అక్కడ గాయానికి మందు, ఇక్కడ మా నాయనమ్మ దృష్టిలో చీము.

వంటింటి లెక్కకు వస్తాను. మా చిన్నప్పుడు ఇంట్లో పల్లి నూనె, నువ్వుల నూనె ఉండేవి. కొన్ని ఇళ్లలో కుసుమ నూనె. రేషన్‌లో పామాయిల్ ప్యాకెట్ వచ్చేది. ఇప్పుడు ఎక్కువ ఇళ్లలో రిఫైన్డ్ సన్‌ఫ్లవర్. కుసుమ, సన్‌ఫ్లవర్ మామూలు రకాల్లో సగానికి పైగా లినోలిక్ ఆమ్లమే. నువ్వుల్లో అది సుమారు 40 శాతం, పామాయిల్‌లో సుమారు 10 శాతం. వీటిలో దేనిలోనూ ఒమేగా-3 లెక్కలోకి వచ్చేంత లేదు. అది దొరికేది అవిసెల్లో. అవిసె నూనెలో సగానికి పైగా ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లమే. కానీ ఒళ్లు దాన్ని చేపల్లో ఉండే ఇపిఎ, డిహెచ్ఎగా మార్చుకునేది చాలా తక్కువ, నూటికి కొద్దిపాళ్లే. కాబట్టి అవిసెల పొడి అన్నంలో కలుపుకోండి, వారానికి రెండుసార్లు చేప తినండి, పల్లీలు, నువ్వులు మానకండి. శాకాహారులైతే అవిసెలు, పప్పులు, పాలు. ఇది గాయం ఉన్నా లేకున్నా తినవలసిన తిండే. ఏడాదంతా తింటే కణపొర మారుతుంది. గాయమయ్యాక రెండు వారాలు గోలీలు మింగితే అంతగా మారదు.

గోలీల సంగతి. చేపనూనె కెలాయిడ్‌ను కరిగిస్తుందని తేల్చి చెప్పిన పెద్ద ట్రయల్ లేదు. ఇది నా కౌంటర్ మీద నేనే చెప్తాను, అడిగినవాళ్లకు అమ్మకుండా పంపిన రోజులూ ఉన్నాయి. విటమిన్ ఇ క్యాప్సూల్ చిదిమి మచ్చకు రాసేవాళ్లు ఇంకా ఎక్కువ. 1999లో అమెరికాలో 15 మంది మీద దీన్ని పరీక్షించారు. ఆపరేషన్ మచ్చలో సగానికి విటమిన్ ఇ కలిపిన లేపనం, మిగతా సగానికి ఉత్త లేపనం. చాలామందిలో తేడా ఏమీ లేదు, లేదా మచ్చ ఇంకా వికారమైంది. మూడో వంతు మందికి చర్మం ఎర్రబడి దద్దుర్లు లేచాయి. దీనికంటే ఘోరం ఊళ్లలో నల్లజీడి చుక్క పెట్టడం, దారంతో కట్టి తెంపడం. జీడి రసం చర్మాన్ని కాలుస్తుంది. కెలాయిడ్ వచ్చే ఒంటికి ఇంకో కాలుడు అంటే ఇంకో కెలాయిడ్‌కు విత్తనం వేయడమే. దయచేసి ఎవరినీ చేయనివ్వకండి.

నాకు ఇరవై రెండేళ్లప్పుడు పెళ్లి సంబంధాలు చూస్తున్నారని అమ్మ తొందర పడితే ఒక చోట కోయించుకున్నాను. ఎక్కడన్నది ముఖ్యం కాదు. "కోసి తీసేస్తే అయిపోతది" అన్నారు. కుట్లు వేసి, యాంటీబయోటిక్ రాసి పంపారు. మళ్లీ రమ్మనలేదు, ఇంజెక్షన్ మాట ఎత్తలేదు. ఎనిమిది నెలలకు అది ముందున్న దానికి రెండింతలై వచ్చింది, కుట్లు పడిన ప్రతి చుక్క దగ్గరా చిన్న గింజతో సహా. కెలాయిడ్‌ను ఉత్తగా కోసి వదిలేస్తే నూటికి 45 నుంచి 100 మందిలో మళ్లీ వస్తుందని పుస్తకాల్లో ఉంటుంది. నేను ఫార్మసీ చదివిన పిల్లను, ఆ లెక్క నాకు తెలిసి ఉండాలి. నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు. ఆ రాత్రి అద్దం ముందు నిలబడి ఏడ్చిన ఏడుపు నాకు ఇంకా గుర్తుంది.

తరువాత ఒక చర్మవైద్యురాలు నాలుగు నుంచి ఆరు వారాలకోసారి ట్రయామ్‌సినొలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ మచ్చలోకే ఇచ్చారు. గట్టి మచ్చలోకి మందు తేలిగ్గా దిగదు, సూది పెట్టినప్పుడు నొప్పికి కళ్లల్లో నీళ్లు తిరిగేవి. మూడోసారికి దురద ఆగింది. ఏడోసారికి చాలావరకు చదునైంది. ఈ ఇంజెక్షన్ గురించి నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఒకటుంది. స్టెరాయిడ్లు చేసే పనుల్లో ఒకటి, పైన చెప్పిన ఫాస్ఫోలైపేజ్ ఎ2ను అణచడం. అంటే కణపొరలోంచి అరాకిడోనిక్ ఆమ్లాన్ని తెంపే ఆ మొదటి చెయ్యినే పట్టుకోవడం. కొల్లాజెన్ నేత తగ్గించడం వంటి పనులు కూడా చేస్తుంది. కానీ ఈ దారి చూడండి. కొవ్వు ఆమ్లాలకు మచ్చతో పని లేదనేవాళ్లకు నేను ఇచ్చే జవాబు ఇదే. ప్రపంచమంతా కెలాయిడ్‌కు ఎక్కువగా వాడే మందు ఆ దారిలోనే దెబ్బ కొడుతోంది. తూకం మార్చడానికి పళ్లెం చాలదు, సూది కావాలి. అలాగని పళ్లెం ఖాళీ చేయమని కాదు.

ఇంజెక్షన్‌కు నష్టాలూ ఉన్నాయి. చుట్టూ చర్మం పలుచబడవచ్చు, తెల్లబడవచ్చు. నాకు ఒక పక్క చిన్న తెల్ల మచ్చ ఉంది. దానితోపాటు సిలికాన్ షీటు రోజుకు 12 గంటలకు తక్కువ కాకుండా నెలల తరబడి అంటించుకోవాలి. అది చేసేది మందు పని కాదు, మచ్చ మీద తేమ నిలుపుతుంది. నూనె రాసి మెల్లగా మర్దన చేసినా కొంత అలాంటి మేలే, పొడిదనం, దురద తగ్గుతాయి. ఏ నూనె అన్నది అంత పెద్ద విషయం కాదు కానీ, పసిపిల్లల చర్మానికి ఆలివ్, ఆవనూనె మంచివి కావని తేలింది. చెవి గడ్డలకు కోత, తరువాత బిగించే కమ్మలు, ఇంజెక్షన్లు కలిపి చేస్తారు. మొండి వాటికి కోసిన వెంటనే రేడియేషన్ కూడా ఇస్తారు. ఏది చేసినా మచ్చ చిన్నగా, ఎర్రగా, దురదగా ఉన్న మొదటి నెలల్లోనే వెళ్లినవాళ్లకు మేలు ఎక్కువ. నా కౌంటర్ ముందుకు వచ్చేవాళ్లు మాత్రం మూడేళ్లు, ఐదేళ్లు పథ్యం చేసి, రకరకాల లేపనాలు రాసి, అప్పుడు వస్తారు.

ఈ వానాకాలం మా తమ్ముడి కొడుకు బండి మీంచి పడి భుజానికి తొమ్మిది కుట్లు పడ్డాయి. భుజం అంటే నాకు గుండె దడ. కుట్లు విప్పిన తరువాత సిలికాన్ షీటు నేనే అంటించాను, ఏ మాత్రం ఎర్రబడి లేచినా వెంటనే ఫోన్ చేయమన్నాను. రెండో వారం ఊరికి వెళ్తే, అమ్మ వాకిట్లో బండ మీద కూర్చుని బూడిద వేసి కొర్రమట్ట తోముతోంది. జారిపోకుండా తలను కాలిబొటనవేలి కింద అదిమిపెట్టింది. నేనేమీ అడగలేదు. "మలేషియాల పెడతరన్నవు గద," అంది తలెత్తకుండా. పులుసు మాత్రం పెట్టలేదు, పుండుకు పులుపు పనికిరాదని. పెనం మీద పసుపు, ఉప్పు, పల్లి నూనె వేసి ఎర్రగా కాల్చి, ముళ్లు తీసి పిల్లగాడి పళ్లెంలో పెట్టింది.